స్మిత్ అండ్ వెసన్ చరిత్రలో అమెరికా తుపాకీ మార్కెట్టు

1987లో టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ అమెరికాలోని స్మిత్ అండ్ వెసన్ తుపాకుల కంపెనీని 11 కోట్ల 25 లక్షల డాలర్లకు కొన్నది. 2001 మే నెలలో అదే కంపెనీని కోటిన్నర డాలర్లకు అమ్మేసింది. కొన్నవారు దానితోపాటు మరో 3 కోట్ల డాలర్ల అప్పును తలకెత్తుకున్నారు. ఈ పద్నాలుగేళ్లలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు. యంత్రాలు, నైపుణ్యం ఉన్న పనివారు, దేశమంతా ఎరిగిన పేరు అన్నీ ఉన్నాయి. పోలీసు శాఖలు ఆస్ట్రియా పిస్తోళ్ల వైపు మళ్లడం వల్ల కంపెనీ అప్పటికే చిక్కిపోయిన మాట నిజమే గాని, విలువ అంత లోతుకు పడిపోవడానికి దగ్గరి కారణం 2000 మార్చి 17న అది అమెరికా ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందం, దానిమీద ఆగ్రహించిన కొనుగోలుదారులు చేసిన బహిష్కరణ. చేతి తుపాకుల విషయంలో అక్కడి ప్రభుత్వం రాయకుండా వదిలేసిన నిబంధనలను వేర్వేరు కాలాల్లో పేటెంటు హక్కులు, పోలీసు శాఖల కొనుగోళ్లు, కోర్టు దావాలు రాస్తూ వచ్చాయి. చివరికి ఆ కలం కొనుగోలుదారుల చేతికి చేరింది. ఈ పరిణామమంతా ఒకే కంపెనీ చరిత్రలో కనిపించడం అరుదు. స్మిత్ అండ్ వెసన్ విషయంలో అది కనిపిస్తుంది.

కథ మొదలైన ప్రాంతం కనెక్టికట్ నది లోయ. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1794లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఏర్పడింది. ఒక తుపాకీలోని భాగాన్ని తీసి అదే రకానికి చెందిన మరో తుపాకీలో అమర్చగలిగేంత కచ్చితంగా యంత్రాలతో విడిభాగాలు చేసే పద్ధతి అక్కడా, ఆ లోయలోని ఇతర కర్మాగారాల్లోనూ పదును తేలింది. హోరేస్ స్మిత్ ఆ ప్రభుత్వ కర్మాగారంలోనే పనిచేసినవాడు. డేనియల్ వెసన్ తన అన్న దగ్గర తుపాకుల పని నేర్చుకున్నాడు. 1852లో కనెక్టికట్ రాష్ట్రం నార్విచ్‌లో ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన తొలి ప్రయత్నం, అంటే మీటను ఆడిస్తే వరుసగా తూటాలు అందే పిస్తోలు, వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. దాన్ని ఇతర పెట్టుబడిదారులకు అప్పగించి వారు బయటికి వచ్చారు. ఆ పెట్టుబడిదారులలో ఆలివర్ వించెస్టర్ ఒకడు. తరువాతి కాలంలో రైఫిళ్లకు మారుపేరైన వించెస్టర్ కంపెనీ వేరు అక్కడే ఉంది.

రెండో ప్రయత్నంలో వారు ముందుగా చూసుకున్నది చట్టాన్ని. తిరిగే సిలిండరు ఉన్న తుపాకీకి శామ్యూల్ కోల్ట్ 1836లో పొందిన పేటెంటు గడువు 1857లో ముగుస్తున్నది. కోల్ట్ రివాల్వర్లలో మందూ గుండూ సిలిండరు ముందువైపు నుంచి దట్టించి, వెనుకవైపు నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీలు తొడగాలి. తడి వాతావరణంలోనూ తొందరలోనూ అది చాలా ఇబ్బందికరమైన పని. సిలిండరుకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రంధ్రాలు తొలిచి, లోహపు తూటాలను వెనుకనుంచే పెట్టే ఏర్పాటుకు రోలిన్ వైట్ అనే వ్యక్తి 1855 ఏప్రిల్ 3న పేటెంటు పొంది ఉన్నాడు. 1856 నవంబరులో స్మిత్, వెసన్ అతనితో ఒప్పందం చేసుకున్నారు. తయారైన ప్రతి తుపాకీకీ అతనికి 25 సెంట్లు ముడుతుంది. అయితే ఎవరైనా ఆ పేటెంటును ఉల్లంఘిస్తే కోర్టుకు వెళ్లి పోరాడవలసిన భారం వైట్‌దే. మరుసటి ఏడాది ఏడు తూటాలు పట్టే .22 కాలిబరు (గొట్టం వ్యాసం సుమారు 0.22 అంగుళాలు) రివాల్వరు, కంపెనీ లెక్కలో మోడల్ 1, బయటికి వచ్చింది.

ఆ ఒప్పందం ఫలితం దాదాపు పన్నెండేళ్లపాటు మార్కెట్టును శాసించింది. 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధంలో సైనికులు సొంత డబ్బుతో ఈ చిన్న రివాల్వర్లను కొనుక్కున్నారు. ఆర్డర్లు ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని మించిపోయాయి. ఇతర తయారీదారులు ఈ రకం సిలిండరు చేయడానికి చట్టం ఒప్పుకోదు. కొందరు పేటెంటును తప్పించుకోవడానికి ముందువైపు నుంచే తూటా ఎక్కించే విచిత్రమైన నమూనాలు తయారుచేశారు. అనుకరించి కోర్టులో ఓడిన కొందరు అప్పటికే చేసిన తుపాకుల మీద, అవి స్మిత్ అండ్ వెసన్ కోసం తయారైనవని ముద్ర వేసి అమ్ముకోవలసి వచ్చింది. 1869లో గడువు ముగిశాక పేటెంటును పొడిగించమని వైట్ పెట్టుకున్న విన్నపానికి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు సమ్మతించినా, 1870 జనవరిలో అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ దానిని తిరస్కరించాడు. యుద్ధకాలంలో ఈ పేటెంటు వల్ల ప్రభుత్వానికి కలిగిన ఇబ్బందిని సైన్యపు ఆయుధ విభాగాధిపతి అప్పుడు ఎత్తిచూపాడు. యుద్ధంలో సేనలకు నాయకత్వం వహించిన గ్రాంట్‌కు ఆ వాదన బలం తెలియనిది కాదు. వైట్‌కు మొత్తం మీద అందిన రాయల్టీ సుమారు 71,000 డాలర్లు. అందులో చాలా భాగం దావాలకే ఖర్చయింది. లాభం కంపెనీది, పోరాటం ఆవిష్కర్తది. తుపాకీ వ్యాపారంలో రక్షణ కవచం ఎవరి చేతిలో ఉందన్నది యంత్రం నాణ్యతతో సమానంగా లెక్కలోకి వస్తుందని ఆ తొలి దశాబ్దంలోనే తేలిపోయింది.

పేటెంటు పోయాక పోటీ మొదలైంది. కంపెనీ 1870లో పెద్ద కాలిబరు మోడల్ 3ను తెచ్చింది. 1871 నుంచి రష్యా ప్రభుత్వం లక్షకు పైగా ఈ రివాల్వర్లను విడతల వారీగా ఆర్డరు చేయడంతో ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి ఆ పనిలోనే మునిగిపోయింది. ఈలోగా 1873లో కోల్ట్ తెచ్చిన రివాల్వరు అమెరికా సైన్యంలోనూ పశ్చిమ ప్రాంతంలోనూ పాతుకుపోయింది. స్మిత్ అండ్ వెసన్‌కు మిగిలిన సొంత బజారు పట్టణ పౌరుల జేబులు, దుకాణదారుల గల్లా పెట్టెలు, ఇళ్లలోని సొరుగులు. ఆ బజారు కోసమే 1887లో ఒక ప్రత్యేకమైన రివాల్వరు వచ్చింది. పిడి వెనుక ఉన్న మీటను అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప అది పేలదు. తూటాను కొట్టి పేల్చే హ్యామరు లోపలే దాగి ఉంటుంది కనుక బట్టలకు తగులుకోదు. పసిపిల్లల చేతుల్లో అది పేలదని కంపెనీ గొప్పగా చెప్పుకుంది. ఈ విషయం నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పిల్లలకు ప్రమాదం లేని తుపాకీ అనే ఆలోచన ఏ ప్రభుత్వమో బలవంతంగా రుద్దింది కాదు. ఈ కంపెనీయే, తన ఇష్టంతో, అమ్మకాలకు పనికివచ్చే గుణంగా ఆ ఆలోచనను ముందుకు తెచ్చి, 1940 ప్రాంతం దాకా ఆ రకం తుపాకులను అమ్మింది. నూట పదమూడేళ్ల తరువాత ఇదే ఆలోచన మీద సంతకం పెట్టినందుకు దానికి శిక్ష పడింది.

1899లో వచ్చిన మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వరు, దానితో పుట్టిన .38 స్పెషల్ తూటా కంపెనీకి ఇరవయ్యో శతాబ్దంలో ముప్పావు భాగం తిండి పెట్టాయి. తరువాత మోడల్ 10 అనే పేరు పొందిన ఈ రివాల్వరు 60 లక్షలకు పైగా తయారైంది. అమెరికాలో పోలీసు వ్యవస్థ కేంద్రం చేతిలో ఉండదు. నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు దేనికది వేల సంఖ్యలో శాఖలు నడుపుకుంటాయి, దేనికది ఆయుధాలు కొనుక్కుంటుంది. ఒక పెద్ద నగరం ఒక నమూనాను ఎంచుకుంటే చిన్న ఊళ్లు దాన్ని అనుసరిస్తాయి, ఆ ఊళ్లలోని పౌరులు పోలీసు నడుముకు వేలాడే తుపాకీనే తమకూ కావాలంటారు. పోలీసులకు తక్కువ ధరకు అమ్మి ఆ ప్రతిష్ఠను పౌరులకు పూర్తి ధరకు అమ్మడం ఈ వ్యాపారానికి ప్రధాన సూత్రమైంది. 1935లో .357 మాగ్నమ్ రివాల్వరు వచ్చినప్పుడు మొదటిది ఎఫ్‌బీఐ డైరెక్టరు జె. ఎడ్గర్ హూవర్‌కు బహూకరించడం ఈ సూత్రంలో భాగమే.

ఆ ముందు సంవత్సరం, 1934లో, మరింత ముఖ్యమైన విషయం జరిగింది. ముఠాల హింసకు జవాబుగా తెచ్చిన జాతీయ ఆయుధాల చట్టం తొలి ముసాయిదాలో మెషిన్‌గన్లతోపాటు పిస్తోళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. వ్యతిరేకత వచ్చాక వాటిని తొలగించారు. మెషిన్‌గన్ కొనాలంటే ఫెడరల్ రిజిస్ట్రేషను, 200 డాలర్ల పన్ను తప్పనిసరయ్యాయి. చేతి తుపాకీ మాత్రం సాధారణ సరుకుగానే మిగిలింది. ఆ తొలగింపు జరగకపోతే స్మిత్ అండ్ వెసన్ లాంటి కంపెనీ పోలీసులకు మాత్రమే సరఫరా చేసే చిన్న సంస్థగా మిగిలి ఉండేదని అనుకోవడానికి తగిన ఆధారం ఉంది.

1965 దాకా వెసన్ కుటుంబం చేతిలో ఉన్న కంపెనీ ఆ తరువాత ఒక వ్యాపార సముదాయం నుంచి మరొక దానికి చేతులు మారింది. ఇదే కాలంలో 1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టం పోస్టు ద్వారా జరిగే అమ్మకాలను ఆపి, లైసెన్సు ఉన్న డీలరు ద్వారానే అంతర్రాష్ట్ర వ్యాపారం జరగాలని నిర్దేశించింది. చవక విదేశీ పిస్తోళ్ల దిగుమతిని కట్టడి చేసింది. స్వదేశీ తయారీదారులకు అది ఒక రక్షణ గోడలా నిలిచింది. అయితే ఆ గోడ వల్ల కలిగిన భరోసా మేలు చేయలేదు. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ పిస్తోలు, తేలికైన ప్లాస్టిక్ చట్రంతో, పదిహేడు తూటాల మ్యాగజైనుతో, 1985లో జార్జియా రాష్ట్రంలోని స్మర్నాకు చేరింది. ఆరు తూటాల రివాల్వరుకు అలవాటుపడిన పోలీసు శాఖలు, 1986 ఏప్రిల్‌లో మయామిలో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరణించిన కాల్పుల తరువాత, తమ ఆయుధాలు చాలవని నిర్ధారణకు వచ్చాయి. శాఖల పాత రివాల్వర్లను తీసుకుని కొత్త పిస్తోళ్లు ఇచ్చే పద్ధతిని గ్లాక్ విరివిగా వాడుకుంది; అలా తీసుకున్న పాత తుపాకులు టోకు వ్యాపారుల ద్వారా మళ్లీ పౌరుల బజారులోకే వచ్చాయి. 1990 జనవరిలో స్మిత్ అండ్ వెసన్ వించెస్టర్‌తో కలిసి .40 కాలిబరు తూటాను ప్రకటిస్తే, ఆ తూటాకు సరిపోయే పిస్తోలును ముందుగా దుకాణాలకు చేర్చింది కూడా గ్లాక్‌యే. 1994లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన సిగ్మా పిస్తోలు తమ నమూనాకు నకలని గ్లాక్ దావా వేసి, 1997లో పరిహారంతో రాజీ కుదుర్చుకుంది. ఒకప్పుడు పేటెంటును ఆయుధంగా వాడిన కంపెనీ ఇప్పుడు ముద్దాయి స్థానంలో నిలబడింది.

ఈ బలహీన స్థితిలోనే నగరాల దావాలు వచ్చిపడ్డాయి. వాటి నేపథ్యం తెలుగు పాఠకులకు కొంత వివరించాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పౌరులు పిస్తోలు ఉంచుకోకూడదు. అమెరికాలో కేంద్ర స్థాయిలో అలాంటి లైసెన్సు లేదు. అంతకంటె ఆశ్చర్యం, వినియోగ వస్తువుల భద్రతను చూడడానికి 1972లో ఏర్పడిన ఫెడరల్ కమిషన్ పరిధి నుంచి తుపాకులను మినహాయించారు. మందు సీసా మూత పిల్లలకు తెరవరాకుండా ఉండాలని ప్రభుత్వం ఆదేశించగలదు. స్వదేశంలో తయారైన పిస్తోలు ట్రిగ్గరు పిల్లలు నొక్కలేనట్లు ఉండాలని ఆదేశించే ఫెడరల్ సంస్థ లేదు. ఆ ఖాళీని దావాలతో పూరించాలని నగరాలు భావించాయి. పొగాకు కంపెనీల మీద రాష్ట్రాలు సాధించిన రాజీ అప్పుడే కళ్ల ముందు ఉంది. 1998 చివరిలో న్యూ ఆర్లీన్స్, షికాగో నగరాలు మొదలుపెట్టగా మరికొన్ని నెలల్లోనే ఇరవైకి పైగా నగరాలు, కౌంటీలు అదే దారి పట్టాయి. గెలుపు ఓటముల మాట అటుంచి, అన్ని కోర్టులలో న్యాయవాదులను పెట్టుకునే ఖర్చే కంపెనీలను కుంగదీస్తుంది.

2000 మార్చి 17 నాటి ఒప్పందం ఆ లెక్కలోంచి పుట్టింది. కంపెనీ అధిపతి ఎడ్ షుల్ట్‌జ్ ఒకవైపు, గృహనిర్మాణ, నగరాభివృద్ధి శాఖ మంత్రి ఆండ్రూ క్యూమో సహా క్లింటన్ ప్రభుత్వ ప్రతినిధులు మరోవైపు నిలిచి దానిని కుదిర్చారు. ప్రతి తుపాకీతోపాటు తాళం ఇవ్వాలి. రెండేళ్లలో తాళం తుపాకీ లోపలే అమరి ఉండాలి. యజమానిని గుర్తుపట్టి పేలే తుపాకీ పరిశోధనకు రాబడిలో 2 శాతం వెచ్చించాలి. సులభంగా చెరిపేయలేని చోట రెండో వరుస సంఖ్య ఉండాలి. డీలర్లకు కూడా నియమావళి ఉంది. కొనేవారి నేపథ్య తనిఖీ (నేరచరిత్ర వంటివి చూడడం) లేకుండా అమ్మకాలు సాగే తుపాకుల సంతల్లో వారు పాల్గొనకూడదు, ఒకే వ్యక్తి ఒకటికి మించి కొంటే మొదటిది ఇచ్చి మిగిలినవి 14 రోజుల తరువాత ఇవ్వాలి. బదులుగా ప్రభుత్వమూ కొన్ని నగరాలూ తమ దావాల నుంచి కంపెనీని తప్పిస్తాయి.

ఈ షరతులను ఇవాళ చదివినా అందులో తుపాకీ కొనే హక్కును హరించేది ఏదీ కనిపించదు. అయినా తుపాకీ యజమానుల తరఫున పోరాడే జాతీయ రైఫిల్ సంఘం దానిని లొంగుబాటుగా ప్రకటించింది. కొనుగోలుదారులు ముఖం చాటేశారు, టోకు వ్యాపారులలో కొందరు సరుకు తీసుకోవడం ఆపేశారు. బహిష్కరణ అంత గట్టిగా తగలడానికి డీలర్ల నియమావళి ప్రధాన కారణమని చెప్పాలి. తుపాకీ దుకాణం ఒక్క కంపెనీ సరుకు మీద బతకదు. స్మిత్ అండ్ వెసన్ తుపాకులు అమ్మడానికి ఒప్పుకుంటే ఆ నిబంధనలు తమ దుకాణంలోని అన్ని తుపాకులకూ వర్తిస్తాయేమోనని డీలర్లు భయపడ్డారు. ఆ ఒక్క పేరును అరలోంచి తీసేయడం వారికి సులభమైన మార్గంగా తోచింది. షుల్ట్‌జ్ ఆ ఏడాదే పదవి వదిలాడు. అక్టోబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 125 మంది ఉద్యోగాలు పోయాయి. అవతలి పక్షం నుంచి రావలసిన సాయం రాలేదు: మిగిలిన పెద్ద కంపెనీలేవీ సంతకం పెట్టలేదు, చాలా నగరాలు దావాలు వదులుకోలేదు, తరువాత వచ్చిన బుష్ ప్రభుత్వం ఒప్పందాన్ని అమలు చేయించే ప్రయత్నమే చేయలేదు. 2001లో కంపెనీని కొన్న సాఫ్-టి-హ్యామర్ అరిజోనాలో తుపాకీ తాళాలు రూపొందించే చిన్న సంస్థ కావడం గమనించదగినది. ఆ తాళం రివాల్వర్ల లోపలికి వచ్చింది గాని, అది లేని పాత తుపాకులనే వెదికి కొనే అభిమానులు ఏళ్ల తరబడి ఉన్నారు. ఇటీవల కంపెనీ కొన్ని నమూనాలను తాళం లేకుండానే మళ్లీ అమ్ముతున్నది. 2021లో అమెరికాలో తుపాకులకు 48,000 మందికి పైగా బలైతే అందులో సగానికి మించినవి ఆత్మహత్యలు. ఇంట్లో ఉన్న తుపాకీ క్షణికావేశంలో చేతికి చిక్కకుండా చూసే ఏ చిన్న ఏర్పాటునైనా అంత తేలికగా వదులుకోవడం బాధ కలిగించే విషయం.

ఇతర కంపెనీలు ఈ ఉదంతం నుంచి గ్రహించింది ఒక్కటే: ప్రభుత్వంతో విడిగా రాజీ పడినవాడు కోర్టులో నష్టపోయేదానికంటె బజారులో ఎక్కువ నష్టపోతాడు. అందుకే అవి సమష్టిగా కాంగ్రెసు వైపు తిరిగాయి. 2005 అక్టోబరులో వచ్చిన చట్టం, నేరస్తులు తుపాకీని వాడి చేసిన హానికి తయారీదారుల మీద దావా వేసే అవకాశాన్ని చాలావరకు మూసివేసింది. తుపాకీ అమ్మకంలో గాని ప్రచారంలో గాని వర్తించే ఏదైనా చట్టాన్ని కంపెనీ తెలిసి ఉల్లంఘిస్తే మాత్రం దావా నిలుస్తుంది. ఆ చిన్న ద్వారం తరువాతి ఇరవై ఏళ్ల వ్యాజ్యాలన్నిటికీ కేంద్రమైంది.

దావాల భయం తగ్గాక, సైనిక తరహా తుపాకుల మీద పదేళ్ల నిషేధం 2004లో ముగిశాక, స్మిత్ అండ్ వెసన్ తన చరిత్రలో ఎప్పుడూ లేనంత దూరం చేతి తుపాకీ నుంచి జరిగింది. 2005లో వచ్చిన ప్లాస్టిక్ చట్రపు పిస్తోలుకు 1899 నాటి మిలిటరీ అండ్ పోలీస్ పేరును కుదించి ఎం అండ్ పి అని పెట్టింది. మరుసటి ఏడాది ఏఆర్-15 అనే సైనిక తరహా రైఫిలును పోలిన తన రైఫిలుకు కూడా అదే పేరు తగిలించి ఎం అండ్ పి 15గా అమ్మింది. పోలీసు బజారు గ్లాక్ చేతిలో ఉన్నా, పోలీసు పేరుకున్న ఆకర్షణ పౌరుల బజారులో పనిచేసింది. 2012లో వచ్చిన షీల్డ్ అనే పలుచని పిస్తోలు, దుస్తుల కింద తుపాకీ పెట్టుకు తిరగడానికి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా అనుమతులు సడలిస్తున్న కాలానికి సరిగ్గా సరిపోయింది.

ఈ కొత్త బజారు లక్షణం విచిత్రమైనది. ఆంక్షలు వస్తాయన్న భయం పుట్టినప్పుడల్లా అమ్మకాలు ఎగుస్తాయి, భయం తగ్గగానే పడిపోతాయి. మహమ్మారి, వీధి ఆందోళనలు, ఎన్నికలు కలిసివచ్చిన 2020లో దేశంలో నేపథ్య తనిఖీలు దాదాపు 4 కోట్లకు చేరాయి. 2021 ఏప్రిల్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో కంపెనీ అమ్మకాలు 100 కోట్ల డాలర్లు దాటాయి. రెండేళ్లు తిరిగేసరికి అవి అందులో సగం కూడా లేవు. భయం మీద నడిచే గిరాకీకి అలవాటుపడిన కంపెనీకి, ఆ భయాన్ని తగ్గించే రాజీలో ఆర్థిక ప్రయోజనం ఏమీ మిగలదు. 2000 నాటి షుల్ట్‌జ్ లెక్క ఇవాళ ఏ తుపాకీ కంపెనీలోనూ పొసగకపోవడానికి బహిష్కరణ జ్ఞాపకం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మందిని బలిగొన్నది ఎం అండ్ పి 15. ఆ తరహా తుపాకులను రాష్ట్రంలో తయారుచేయకుండా నిషేధించే బిల్లు మసాచుసెట్స్ శాసనసభ ముందుకు వచ్చినప్పుడు, కంపెనీ 2021లో తన ప్రధాన కార్యాలయాన్ని టెన్నెసీ రాష్ట్రంలోని మేరీవిల్‌కు తరలిస్తున్నట్లు ప్రకటించి 2023 అక్టోబరులో అక్కడ ప్రారంభించింది. నది లోయలో తరతరాలుగా కూడిన యంత్ర నైపుణ్యం కంటె అనుకూలమైన శాసనసభ ఎక్కువ విలువైనదని కంపెనీ తేల్చుకుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కొంత తయారీ ఇంకా మిగిలి ఉంది.

సరిహద్దు దాటి మాదకద్రవ్య ముఠాలకు చేరుతున్న తుపాకుల విషయంలో స్మిత్ అండ్ వెసన్ సహా తుపాకీ కంపెనీల మీద మెక్సికో ప్రభుత్వం వేసిన దావాను 2025 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. 2005 చట్టంలోని మినహాయింపు వర్తించాలంటే కంపెనీలు అక్రమ అమ్మకాలకు తెలిసి తోడ్పడ్డాయని చూపాలని, మెక్సికో ఆరోపణలు అంత దూరం వెళ్లలేదని జస్టిస్ ఎలెనా కేగన్ రాసిన తీర్పు చెప్పింది. తుపాకుల ప్రచారానికి సంబంధించిన ద్వారం మాత్రం తెరిచే ఉంది. కాల్పులకు గురైన శాండీ హుక్ పాఠశాల బాధిత కుటుంబాలకు మరో తుపాకీ కంపెనీ రెమింగ్టన్ బీమా సంస్థలు 2022లో 7 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది కనెక్టికట్ రాష్ట్ర వాణిజ్య ప్రచార చట్టం కింద వచ్చిన దావాలోనే. 2022 జూలై 4న షికాగో శివారు హైలాండ్ పార్క్‌లో ఊరేగింపు మీద ఎం అండ్ పి 15తో జరిగిన కాల్పుల్లో ఏడుగురు మరణించాక, బాధితులు ఇల్లినాయ్ వినియోగదారుల చట్టం కింద స్మిత్ అండ్ వెసన్ మీద దావా వేశారు. ఆ రైఫిలును సైన్యంతో ముడిపెట్టి యువకులను ఆకర్షించేలా ప్రకటనలు చేసిందన్నది వారి ఆరోపణ. కేసును ఫెడరల్ కోర్టుకు మార్చుకోవాలని కంపెనీ చేసిన ప్రయత్నాన్ని 2024 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు తిరస్కరించి, రాష్ట్ర కోర్టుకే తిప్పి పంపింది.